వైరు పీకి చదివిన ఉత్తరాలు

ఉత్తరాలు చదవడం లేదన్న నేరం మోపి మా సత్తెనపల్లి బ్రాంచి చూసే అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె ప్రతి ఉత్తరమూ చదివింది. చదవలేదని సాక్ష్యం చెప్పింది కంప్యూటర్లో పెట్టిన ఒక పనిముట్టు. మూడింటిలోంచి ఆ పనిముట్టును ఏరి, ఇది నమ్మదగినదని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చినవాణ్ణి నేను.

ఇది జరిగి ఇరవై ఏళ్లు కావస్తోంది. నా వయసువాళ్లకు నిన్న తిన్న కూర గుర్తుండదంటారు. నాకు ఆ కాగితం మీద వరసగా పడ్డ ఎర్ర అక్షరాలు కూడా గుర్తున్నాయి. ఇవాళ మీరు ఫోన్లో ఒక మాట పంపి, పక్కన నీలం టిక్కులు పడ్డాయా లేదా అని చూసుకుంటారు. పడితే ‘చూసి కూడా పలకలేదు’ అంటారు. పడకపోతే ‘అసలు చూడనే లేదు’ అంటారు. అట్లా మీరు మనుషుల మీద తీర్పులు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే రాస్తున్నాను. మీ మంచికే అనుకోండి, లేదా నా కడుపుమంటకే అనుకోండి.

మాది గుంటూరు నుంచి మిరపకాయలు బయటి దేశాలకు పంపే కంపెనీ. పేరు చెప్పను. మిర్చి యార్డుకు దగ్గర్లోనే ఆఫీసు. తుమ్మకుండా ఒక వాక్యం పూర్తి చేసినవాడు అక్కడ లేడు. కంప్యూటర్లు వచ్చాక వాటి మీటల సందుల్లో కూడా ఎర్రటి పొడి చేరేది. వారానికోసారి పాత టూత్‌బ్రష్షుతో దులుపుకునేవాళ్లం.

అక్కడ ఉత్తర ప్రత్యుత్తరాలు చూడటం నా పని. నేను బళ్లో చదివింది ఆరో తరగతి వరకే. తర్వాత జిన్నింగు మిల్లులో పత్తి బోరాల మీద నంబర్లు వేశాను. ఇంగ్లీషు, చిరిగిన నిఘంటువు ఒకటి పెట్టుకుని, మిల్లుకొచ్చే కాగితాలు చదివి నేర్చుకున్నాను. టైపు, ఒక ఇన్‌స్టిట్యూటు ఊడ్చినందుకు నేర్పారు. మిర్చి కంపెనీలో చేరి విదేశీ పార్టీలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాక అందరూ నన్ను ‘మాస్టారూ’ అనసాగారు. బడి మొహం సరిగ్గా చూడనివాణ్ణి అట్లా పిలుస్తుంటే లోపల ఎంత పొంగిపోయేవాణ్ణో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ పొంగు కూడా ఈ పాపంలో భాగమే.

తొంభైల చివర్లో మాకు ఈమెయిలు వచ్చింది. నేను నెలరోజుల్లో పట్టేశాను. నాకన్నా పాతికేళ్లు చిన్నవాళ్లు, డిగ్రీలున్నవాళ్లు, మౌసు పట్టుకుని వణుకుతుంటే నేను వాళ్లకు నేర్పాను.

ఇక పనిముట్టు సంగతి. ఒక విదేశీ కొనుగోలుదారు మేము పంపిన పరీక్ష రిపోర్టు అందలేదన్నాడు. అందలేదు కాబట్టి సరుకు విడిపించలేదన్నాడు. సరుకు ఆ దేశపు రేవులో ఎండకు ఎండింది. నేను పంపానని చూపిస్తే, పంపావేమో, మాకు చేరలేదు అన్నాడు. అప్పటికి మా ఓనరుగారి అల్లుడు వచ్చి ఆఫీసు పెత్తనం తీసుకున్నాడు. బయట పెద్ద చదువు చదివొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, మాటకు మర్యాద ఉంది, కాని ప్రతిదానికీ రుజువు కాగితం మీద కనపడాలి. ఆయన నన్ను పిలిచి, ఉత్తరం అవతలివాడు తెరిచాడో లేదో చెప్పే పనిముట్లు ఉన్నాయట, చూసి మంచిది ఎంచమన్నాడు.

పది రోజులు చూశాను. మూడు తేలాయి. మొదటిది తెరిచిన మనిషినే అడుగుతుంది. ఉత్తరం తెరవగానే ఒక చిన్న పెట్టె వస్తుంది, ‘మీరు చదివినట్టు పంపినవారికి చెప్పమంటారా’ అని. అవునంటే కబురొస్తుంది, వద్దంటే రాదు. రెండోది ఉత్తరానికి బదులు ఒక లింకు పంపుతుంది. దాన్ని నొక్కి ఇంకో చోటికి పోయి చదువుకోవాలి. వైరస్సుల భయంతో ఎవడూ నొక్కడు. మూడోది చడీచప్పుడూ లేనిది. ఉత్తరం అడుగున కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఒకటి అతికిస్తుంది. ఉత్తరం తెరిచినప్పుడు ఆ బొమ్మ ఇంటర్నెట్టులోంచి వచ్చి అక్కడ కూర్చోవాలి. అది వచ్చిందంటే ఉత్తరం తెరిచారని లెక్క. ఎప్పుడు, ఎన్నిసార్లు, అన్నీ మన ముందు జాబితాగా పడతాయి. తెరవనివాటికి ఎదురుగా ఎర్ర అక్షరాల్లో ‘తెరవలేదు’ అని ఇంగ్లీషులో వస్తుంది. చదివే మనిషికి ఇదంతా తెలియదు.

మొదటిది పోస్టాఫీసువాళ్ల రిజిస్టరు ఉత్తరం లాంటిది. అందుకున్న మనిషి చేత సంతకం పెట్టించుకుంటుంది. ముప్పై ఏళ్లు రిజిస్టరు ఉత్తరాలు పంపినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు. అల్లుడుగారికి చెప్పాను కూడా. ఆయన నవ్వాడు.

“అడగటం ఎందుకండీ మాస్టారూ? నువ్వు దొంగవా అని అడిగితే అవునంటాడా ఎవడైనా?”

ఆ మాట నాకు భలే నచ్చింది. నచ్చి, నా ఆఫీసు నోటులో దాన్ని ఇంగ్లీషు చేసి రాసి, మూడోదాన్ని సిఫారసు చేశాను. పరీక్షించి చూశాను, తప్పు రాలేదు అని కూడా రాశాను. పరీక్షించిన మాట నిజమే. మా ఆఫీసులో ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి పంపి చూశాను. మా ఆఫీసు కంప్యూటర్లన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంటర్నెట్టు లైన్లోనే ఉంటాయి. లైను లేని చోట ఏమవుతుందో చూడాలన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

మొదటి వారంలోనే పనిముట్టు మొనగాడనిపించుకుంది. అదే కొనుగోలుదారుకు మళ్లీ ఉత్తరం పంపాం. అందలేదన్నాడు. మీరు ఆరుసార్లు తెరిచారు, తెరిచిన వేళలు ఇవీ అని నేను జవాబిచ్చాను. ఆరోజే సరుకు విడిపించాడు. ఆఫీసంతా చప్పట్లు. అల్లుడుగారు నాకు స్వయంగా టీ తెప్పించాడు. మా గోడౌను సూపర్‌వైజరు ఒకడుండేవాడు, నా ఈడువాడే, నన్ను మాస్టారూ అని చచ్చినా పిలిచేవాడు కాదు. వాడు గుమ్మంలో నిలబడి, “ఏరా, ఉత్తరాలకు కళ్లు పెట్టావటగా. ఎట్లాగూ పెట్టావు, ఫోనుకు చెవులు కూడా పెట్టించరాదూ” అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఆ మాట తలుచుకుని నేను నవ్వలేదు.

విదేశీ పార్టీల మీద పెట్టిన చుక్కను నెల తిరక్కుండా అల్లుడుగారు మా సొంత బ్రాంచీల మీద కూడా పెట్టించాడు. బ్రాంచీలకు చెప్పలేదు. చెబితే జాగ్రత్త పడతారన్నాడు. అదీ సబబుగానే తోచింది నాకు. చూడండి, ఎన్ని సబబుగా తోచాయో.

సత్తెనపల్లి బ్రాంచి అంటే ఒక గోడౌను, దానికి ముందు ఒక గది, ఒక ఫోను, ఒక కంప్యూటరు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాయ తెస్తే చూసి, తేమ చూసి, లాట్లుగా వేసి నిలవ చేసి, మేము అడిగినప్పుడు లారీ ఎక్కించి పంపడం అక్కడి పని. దాన్నంతా ఒక్కర్తే చూసేది ఆ అమ్మాయి. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి, అయినా మాకు అమ్మాయే. సొంతిల్లు నల్లపాడులో. తండ్రి మిషను బళ్లో టీచరుగా చేసి పోయారు. తల్లీ ఆమే ఉండేవాళ్లు. పొద్దున్నే రైలెక్కి సత్తెనపల్లి పోవడం, సాయంత్రం రావడం. ఆదివారం చర్చిలో పాటలకు ముందు గొంతు ఆమెదేనని విన్నాను. మా దగ్గర తొమ్మిదేళ్లు చేసింది. కాయ చేత్తో పట్టుకుని నెమ్ము ఉందో లేదో చెప్పేది, తేమ మిషను తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు జరిగిన సంగతి వినండి. ఒకరోజు మెయిలు వెళ్లింది సత్తెనపల్లికి. నేనే టైపు చేశాను. ఐదో లాటు అడుగు వరసలు నెమ్ముగా ఉన్నాయని తెలిసింది, ఆరబెట్టేదాకా దాన్ని కదిలించవద్దు, లారీ ఎక్కించవద్దు అని. అది పొద్దున. మధ్యాహ్నం లోపలే మా సూపర్‌వైజరు పంపిన లారీ సత్తెనపల్లి చేరి, వాడి చీటీ చూపించి, ఐదో లాటే ఎక్కించుకుని, ఏకంగా రేవుకు పోయింది. నెల తర్వాత కబురొచ్చింది. బస్తాలు విప్పితే బూజు. సరుకంతా వద్దన్నారు.

అల్లుడుగారు ఆమెను గుంటూరు పిలిపించాడు. ఆయన గదిలో ఆయన, సూపర్‌వైజరు, నేను. ఆమె చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. మెయిలు చదివావా అని ఆయన అడిగాడు. ఆమె తడుముకోలేదు.

“చదివాను సార్. చదివాకే లారీ వచ్చింది. మెయిల్లో వద్దన్నారు, చీటీలో ఎక్కించమన్నారు. అందుకని ఇక్కడికి ఫోన్ చేశాను. ఎక్కించెయ్యమ్మా, నేనే పంపాను అన్నారు.”

ఎవరన్నారు అని అడిగాడు. ఆమె సూపర్‌వైజరు వైపు చూపించింది. వాడు, రోజుకు వంద ఫోన్లొస్తాయండీ, ఏ ఫోనని చెప్పను, నాకేం గుర్తులేదు అన్నాడు. నేలకేసి చూస్తూ అన్నాడు.

అప్పుడు అల్లుడుగారు సొరుగులోంచి కాగితం తీశాడు. మూడు నెలల జాబితా. సత్తెనపల్లికి పోయిన ఉత్తరాలన్నీ వరసగా. నూటికి తొంభై వాటికి ఎదురుగా ఎర్రగా ‘తెరవలేదు’. ఐదో లాటు ఉత్తరానికి ఎదురుగా కూడా అదే. అక్కడక్కడా నాలుగైదు మాత్రం పొద్దున్నే తెరిచినట్టు ఉన్నాయి. అవి లేకపోయినా బాగుండేది. ఇష్టమైనవి తెరిచి మిగతావి పక్కన పడేస్తోందని ఆయనకు అవే నమ్మకం కలిగించాయి.

ఆమె కాగితం అందుకుని పైనుంచి కిందకు చూసింది. ఇదేంటి సార్ అంది. ఆయన వివరించాడు. ఆమెకు చుక్కల సంగతి అప్పుడే తెలిసింది. మొహంలో కోపం కన్నా ముందు ఆశ్చర్యం కనపడింది. తన ఇంట్లో ఎవరో నెలల తరబడి మంచం కింద దాక్కుని ఉన్నారని చెబితే ఎట్లా ఉంటుందో అట్లా.

“నేను చదివిన ప్రతి కాగితం మీదా టైము వేసి ఫైల్లో పెట్టాను సార్. తెప్పించి చూడండి” అంది.

ఆయన నా వైపు తిరిగాడు. “మాస్టారూ, ఎంచింది మీరు. దీంట్లో తప్పు వస్తుందా?”

“రాదండి” అన్నాను.

అంతే. ఆ మూడక్షరాలకు ముందు నేను క్షణం కూడా ఆగలేదు. ఆమె ఫైలు తెప్పిద్దామని అనలేదు. సత్తెనపల్లి అంత దూరమేం కాదు, గంటన్నరలో బస్సు పోతుంది. ఆ ఫైలు పద్ధతి బ్రాంచీలకు నేర్పింది నేనే. వచ్చిన ప్రతి ఉత్తరం అచ్చు తీసి, చదివిన వేళ పెన్సిలుతో వెయ్యాలి అని వెంటపడి నేర్పాను. నేను నేర్పిన ఫైలును వదిలి, నేను ఎంచిన పనిముట్టును నమ్మాను.

ఆమెకిచ్చిన కాగితంలో ఇట్లా రాశారు: కార్యాలయపు ఉత్తరములు చదువుటలో నిర్లక్ష్యము చేత తొలగించడమైనది. టైపు చేసింది ఎవరో మీకు వేరే చెప్పాలా? ఆ ఒక్క వాక్యం పెట్టుకుని మిర్చి వ్యాపారంలోగానీ, దూది వ్యాపారంలోగానీ, ఒక స్కూలు ఆఫీసులోగానీ ఆమె ఇంకో ఉద్యోగం అడగలేదు. అడిగితే ఇవ్వరు. తల్లి మందుల మనిషి. నాకు ఇవన్నీ తెలుసు. టైపు చేస్తున్నప్పుడు కూడా తెలుసు.

కొత్త మనిషి దొరికేదాకా వారం రోజులు సత్తెనపల్లి నన్ను చూడమన్నారు. వెళ్లాను. గది తాళం తీశాను. బల్ల శుభ్రంగా ఉంది. కంప్యూటరు మీద ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కప్పి ఉంది. గోడకు మైదా జిగురుతో అంటించిన కాగితం ఒకటుంది. చదివాను. హెడ్డాఫీసు ఉత్తర్వు. ‘ఉదయం ఉత్తరములు దించుకొనగానే ఇంటర్నెట్టు వైరు తీసివేసి ఫోనుకు పెట్టవలెను. యార్డు రేట్ల కొరకు ఫోను ఖాళీగా ఉండవలెను. ఉత్తరములు తర్వాత చదువుకొనవచ్చును.’ రెండేళ్ల కిందటిది. కింద టైపు చేసినవారి పొడి అక్షరాలు నావే.

అప్పటికీ నాకు వెలగలేదు. వయసు మీద పడిందనుకోండి, గర్వం మీద పడిందనుకోండి. ఉత్తర్వు ప్రకారం వైరు తగిలించి ఉత్తరాలు దించుకున్నాను, వైరు పీకి ఫోనుకు పెట్టాను. పెట్టీ పెట్టగానే ఫోను మోగింది. ఎవరో రైతు, సన్నాల రకం కాయ రేటు ఎంతని. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని ఉత్తరాలు చదివాను. తర్వాత బీరువా తీశాను.

ఫైళ్లు నెలల వారీగా ఉన్నాయి. ఆ నెలది తీసి తిరగేశాను. ఐదో లాటు ఉత్తరం దొరికింది. అచ్చు తీసి, ‘కదిలించవద్దు’ అన్న చోట కింద గీత గీసి ఉంది. అంచున పెన్సిలు రాత. ‘పొ. 9-20 చదివాను. 11-40 లారీ వచ్చింది. 11-45 హెడ్డాఫీసుకు ఫోన్. సూపర్‌వైజరు గారు ఎక్కించమన్నారు. లోడు 1-10కి పోయింది.’ ఒక్క అక్షరం కొట్టివేత లేదు.

దాని ముందూ వెనకా నెలల ఫైళ్లూ తిరగేశాను. మూడు నెలలు. ఎర్ర అక్షరాల్లో ‘తెరవలేదు’ అన్న ప్రతి ఉత్తరానికీ ఇక్కడ పెన్సిలుతో వేళ పడి ఉంది. పాత నెలలవి కూడా తీశాను. తొమ్మిదేళ్లవి. మెయిలు రాకముందు బస్సులో కవర్లు పంపేవాళ్లం, వాటి మీద కూడా అదే పెన్సిలు. బయట హమాలీలు దేనికో గట్టిగా అరుచుకుంటున్నారు. ఒకాయన లోపలికి తొంగిచూసి, “ఏమండీ, అమ్మ రాదా ఇక?” అని అడిగాడు. నేను ఆ నెల ఫైలు తీసి నా సంచీలో పెట్టుకున్నాను.

పనిముట్టు అబద్ధం ఎందుకు చెప్పిందో మాత్రం ఇంకా అంతుపట్టలేదు. అది గుంటూరు తిరిగొచ్చాక పట్టింది. సోమవారం నా బల్ల మీద బ్రాంచీల జాబితా పెట్టి ఉంది. సత్తెనపల్లి వరసలో నేను స్వయంగా కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, చదివిన ఆరు ఉత్తరాలకు ఎదురుగా ఆరు ఎర్ర మాటలు. తెరవలేదు. తెరవలేదు.

అక్కడికక్కడే మొత్తం అర్థమైంది. వైరు పీకాక కంప్యూటరుకు బయటి లోకంతో సంబంధం లేదు. చుక్క బొమ్మ రాలేదు. రాకపోతే తెరవలేదని లెక్క. పొద్దున వైరు పీకడం నిమిషం ఆలస్యమైన రోజున ఎదురుగా ఉన్న ఒకటీ అరా తెరిచినట్టు పడ్డాయి. ఆమె చేసిన తప్పల్లా మేము పెట్టిన ఉత్తర్వును పాటించడం. పాటించనివాళ్లు, వైరు పెట్టుకుని రోజంతా పేకాట ఆడుకునేవాళ్లు, మా జాబితాలో శ్రద్ధగల ఉద్యోగులు.

ఫైలు చంకన పెట్టుకుని నేరుగా గోడౌనుకు పోయాను. సూపర్‌వైజరును పక్కకు పిలిచి ఆ పెన్సిలు రాత చూపించాను. చదివాడు. ఫైలు మూసి నా చేతికిచ్చాడు. తర్వాత, “ఆ ఫోను నేనే ఎత్తాన్రా” అన్నాడు. మరి ఆరోజు ఎందుకు చెప్పలేదంటే, వాడన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“నువ్వూ నీ కాగితమూ కలిసి ఆ పిల్ల చదవలేదని తేల్చేశాక, చదివి ఫోన్ చేసిందని నేనంటే ఎవడు నమ్ముతాడ్రా? నా ఉద్యోగం కూడా పోయేది.”

వాణ్ణి తిట్టాను. తిట్టే అర్హత నాకు లేదని తెలిసీ తిట్టాను.

అల్లుడుగారి దగ్గరికి పోయాను. శ్రద్ధగా విన్నాడు. విన్నాక, అర్థమైందండీ, ఇకనుంచి బ్రాంచీలకు ఆ చుక్క ఆపేద్దాం అన్నాడు. మరి ఆ అమ్మాయి అన్నాను. అది అయిపోయిన విషయం కదండీ, మళ్లీ తీస్తే ఓనరుగారి ముందు మనిద్దరం చిన్నబోవాలి అన్నాడు. మనిద్దరం అన్న మాట తేనెలా పలికాడు. నేను బయటికొచ్చి, చెప్పలేనిది రాద్దామని, ఆయనకే మెయిలు పెట్టాను. నాలుగు రోజుల్లో నాలుగు పెట్టాను. ప్రతిదాని అడుగునా చుక్క అతికించాను. ఆయన గది కంప్యూటరుకు వైరు పీకేవాళ్లెవరూ లేరు, కాబట్టి అక్కడ పనిముట్టు నిజమే చెప్పింది. మొదటిది మూడుసార్లు తెరిచాడు. రెండోది రెండుసార్లు. మూడోదీ నాలుగోదీ ఒక్కోసారి. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇక ఓనరుగారే దిక్కు. ఆయన పాతకాలం మనిషి. యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసిన రోజులు చూసి పైకొచ్చినవాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. మధ్యాహ్నం భోజనం చేసి ఆఫీసుకొచ్చి కాసేపు కూర్చునే అలవాటు. ఆ వేళ చూసుకుని వెళ్లి, అయ్యా, ఒక ఉత్తరం చదివి పెట్టాలి అన్నాను.

“నువ్వు మాస్టారువి, నన్ను చదవమంటావేంటయ్యా” అన్నాడు. చదవాలన్నాను. అల్లుడుగారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను ముందే పంపి ఉంచిన ఉత్తరం ఆయన కంప్యూటర్లోకి దించి, వైరు పీకి, తెరిచి చూపించాను. మూడు వాక్యాలు. కాయ రంగు బాగుంది, ఘాటు బాగుంది, లారీ రేపు బయల్దేరుతుంది. ఆయన వేలు పెట్టి పైకి చదివాడు. రెండోసారి ఇంకొంచెం గట్టిగా చదివాడు. ఉత్తరం మూసేశాను. వైరు మళ్లీ పెట్టి, జాబితా తెరిచి, ఆయన పేరున ఉన్న వరస చూపించాను. ఎర్రగా పడి ఉంది. ఏంటిది అన్నాడు. మీరు ఉత్తరం తెరవలేదంటోందండీ అన్నాను.

ఆయన ఒక్కసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

“నా కళ్లతో నేను చదివింది చదవలేదని చెప్పడానికి అదెవరయ్యా?”

దీని మాట మీదే సత్తెనపల్లి అమ్మాయిని తీసేశామండీ అన్నాను. ఫైలు ఆయన ముందు పెట్టాను. పెన్సిలు రాతలు తెలుగులోనే ఉన్నాయి కాబట్టి నా సాయం అక్కర్లేకపోయింది. ఒక్కో కాగితం తిప్పుతూ పోయాడు. సూపర్‌వైజరును పిలిపించాడు. వాడు ఈసారి నేలకేసి చూస్తూనే నిజం చెప్పాడు. ఓనరుగారు అల్లుడి వైపు చూశాడు గాని ఏమీ అనలేదు. ఆ ఇంటి మర్యాదలు వాళ్లవి. నాతో మాత్రం, “రాయి. మాదే తప్పని రాయి. రమ్మను” అన్నాడు.

ఆయన పెద్దమనసు గురించి ఆఫీసులో చాలా రోజులు చెప్పుకున్నారు. నేను కాదనను. కాని ఒకటి చూశాను. ఆ అమ్మాయి ‘చదివాను సార్’ అంటే మాలో ఎవరికీ చాల్లేదు. అదే మాట ఓనరు తన గురించి తాను అనుకోవలసి వచ్చేసరికి పనిముట్టు తప్పని క్షణంలో తేలిపోయింది.

కొత్త కాగితం టైపు చేశాను. పాత ఉత్తర్వు రద్దు చేయడమైనదనీ, ఆమె ఉత్తరములన్నీ సకాలంలో చదివినట్లు ఫైళ్ల వల్ల రుజువైనదనీ, పొరపాటు కంపెనీదనీ, వెంటనే ఉద్యోగంలో చేరవచ్చుననీ. ఓనరుగారు సంతకం పెట్టాడు. దానితోపాటు నేను వేరే ఉత్తరం రాశాను, చేత్తో, ఐదు పేజీలు. చుక్క సంగతి, వైరు సంగతి, నేను ఆఫీసులోనే పరీక్షించి మోసపోయిన సంగతి, బొమ్మతో సహా గీసి వివరించాను. పనిముట్టు ఎక్కడ ఎట్లా తప్పిందో ఆమెకు పూర్తిగా అర్థం కావాలని నా తాపత్రయం. రెండూ కలిపి రిజిస్టరు పోస్టులో నల్లపాడు పంపాను. అందినట్టు ఆమె సంతకంతో కార్డు తిరిగొచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

వారం చూశాను. రెండు వారాలు. నల్లపాడు ఎంత దూరం, ఆటో ఎక్కితే పోవచ్చు. పోలేకపోయాను. సత్తెనపల్లికి కొత్త మనిషిని పెట్టకుండా ఓనరుగారు ఆపి ఉంచాడు. నేనే వారానికి మూడు రోజులు పోయి వస్తున్నాను. హమాలీలు నాతో ముక్తసరిగా మాట్లాడేవాళ్లు.

నెల దాటాక, ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఇన్‌ల్యాండు కవరు వచ్చింది. నా పేరు మీద. పెన్సిలు రాత చూసి చూసి ఉన్నాను కాబట్టి పెన్నుతో రాసినా ఆ చేతిని గుర్తుపట్టాను. ఇన్నేళ్లూ అది నా దగ్గరే ఉంది. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

“మాస్టారు గారికి నమస్కారాలు. కంపెనీ వారి కాగితం, మీ ఉత్తరం అందాయి. రెండూ చదివాను. కాగితం దాచుకున్నాను, అది నాకు కావాలి. తాడేపల్లి అవతల ఒక స్కూలు ఆఫీసులో అడిగారు, అది చూపించి చేరబోతున్నాను. సత్తెనపల్లికి మాత్రం రానని ఓనరు గారితో చెప్పండి. బీరువా తాళం రెండోది ఫోను బల్ల సొరుగులో ఉంది. మీరు ఐదు పేజీలు ఆ మిషను ఎట్లా తప్పు చెప్పిందో రాశారు. నాకు అదంతా అక్కర్లేదండీ. ఆరోజు సార్ మిమ్మల్ని అడిగింది మిషను సంగతి. మీకు తెలిసింది నా సంగతి. తొమ్మిదేళ్లలో మీరు పంపిన ఏ ఉత్తరానికి నా దగ్గర్నించి జవాబు రాలేదు? ఆ ఒక్క మాట చెబుతారని మీ మొహం చూస్తూ కూర్చున్నాను. మీరు ఆ కాగితం చూస్తున్నారు. కోపంతో రాయడం లేదు. అమ్మ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది. ఇటు వస్తే ఇంటికి రండి, భోజనం చేసి వెళ్లండి. ఆ విషయం మాత్రం ఎత్తకండి.”